లెక్చరరు గారి జీతం – దినారు లెక్క

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడినది మాట్లాడినట్లే ఉంచాం.)



నేను ఉండేది కువైట్‌లో, రుమైథియాలో. సాల్మియాకి దక్షిణంగా అయిదో రింగు రోడ్డు దాటితే వచ్చే పేట. ఎక్కువగా కువైటీల సొంత ఇళ్లు, విల్లాలు. అలాంటి ఒక విల్లా పై అంతస్తులో మేం అద్దెకుంటున్నాం, కింద ఇంటివాళ్లు ఉంటారు. వాళ్లింట్లో పని చేసే ఆవిడది రాయచోటి దగ్గర ఒక పల్లె. నేను ఆమెని అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. సాయంత్రం మేడ మీద బట్టలు తీసుకునేటప్పుడు ఒక పావుగంట ఇద్దరం ఊరి కబుర్లు చెప్పుకుంటాం. ఈ దేశంలో నాకు దొరికే తెలుగు చాలావరకు ఆ పావుగంటే.

మొన్నీమధ్య ఒకరోజు ఆమె ఉన్నట్టుండి అడిగింది. "టీచరమ్మా, మా పాప యెమ్మెస్సీ అయిపోయినాది గదా, జువాలజీ. డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరినాది. నెలకి పదహైదు వేలంట! సెలవుల్లో అదీ ఇయ్యరంట. నేను ఈడ పాత్రలు తోమి నూటిరవై దినార్లు తెచ్చుకుంటాండా. అంత సదువు సదివిచ్చి ఏం లాభం మ్మా? మీ ఇస్కూల్లో దానికేమన్నా పని చూడరాదా?"

నూట ఇరవై దినార్లంటే, 2025లో దినారు 280 రూపాయలు దాటింది కాబట్టి, ముప్ఫై మూడు వేల పైమాట. అంటే తల్లి జీతం లెక్చరరు కూతురి జీతానికి రెండింతలు. నేను పాతికేళ్లుగా ఇక్కడ బయాలజీ చెబుతున్నాను. అయినా ఆమెకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చూస్తానక్కా అని బట్టలు తీసుకుని కిందికి వచ్చేశాను. ఆ జవాబు కోసం నాకు తెలిసినవి, చదివినవి కూడేసుకుంటే అది ఇవాళ్టి ప్రసంగమయింది.

ముందు డబ్బు సంగతి. మన పిల్లలకి చెబితే నమ్మరుగానీ, 1961 దాకా కువైట్‌లో చెలామణీ అయింది రూపాయే. మన రిజర్వు బ్యాంకు వేసిన రూపాయి! 1959లో మాత్రం బంగారం దొంగరవాణా అరికట్టడానికని గల్ఫు దేశాల కోసం వేరే రంగులో విడిగా నోట్లు వేశారు, వాటినే గల్ఫు రూపాయలన్నారు. విలువ మన రూపాయితో సమానం. 1961 ఏప్రిల్ 1న కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. పదమూడు రూపాయల అయిదణాలు, ఆ పైన ఇంకో మూడో వంతు అణా ఇస్తే ఒక దినారు. అంటే రూపాయికి సరిగ్గా 75 ఫిల్సు. ఇక్కడి ఇండియన్ స్కూలు 1959లో మొదలయింది. అదే తర్వాత ఇండియన్ కమ్యూనిటీ స్కూలయింది. అప్పటికి ఈ ఊళ్లో చేతులు మారే డబ్బు రూపాయే కాబట్టి, ఆ మొదటి టీచర్లకి మారకం రేటు అన్న బెంగ లేదు. ఇవాళ ప్రతి పంతులమ్మా ఫోన్‌లో పొద్దున్నే చూసుకునేది ఆ రేటే.

ఈ దేశంలో పంతుళ్ల జీతం కథ ఇంకా పాతది. చమురు ఎగుమతి మొదలయింది 1946లో. మొదటి బడి ముబారకియా అంతకు ఎంతో ముందు, 1911లోనే పెట్టారు. ముత్యాల వ్యాపారం, ఓడల వ్యాపారం చేసే వర్తకులు చందాలు వేసుకుని నడిపిన బడి అది. 1936లో విద్యా మండలి ఏర్పడి, దిగుమతి సుంకం మీద అదనంగా అర శాతం వేసి ఆ డబ్బు చదువుకి మళ్లించారు. ఆ ఏడే పాలస్తీనా నుంచి పంతుళ్లని రప్పించారు. అంటే చమురు డబ్బు రాకముందే బయటి దేశం పంతులికి ఇక్కడ జీతమిచ్చే అలవాటు మొదలయిందన్నమాట.

ఇక 1966 సంవత్సరం దగ్గర కాస్త ఆగుదాం. నా మట్టుకు ఈ కథకి గుండెకాయ ఆ ఏడాదే.

1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకి 4.76 ఉన్నది రాత్రికి రాత్రి 7.50 అయింది. దానితో దినారు పదమూడు రూపాయల చిల్లర నుంచి 21 రూపాయలకి ఎక్కింది. అదే నెలాఖరున కొఠారీ కమిషన్ తన నివేదిక ఇచ్చింది. పంతుళ్ల జీతాలు పెంచనిదే చదువు బాగుపడదని గట్టిగా చెప్పిన నివేదిక అది. యూనివర్సిటీ లెక్చరరు స్కేలు 400 రూపాయలతో మొదలవుతుంది అందులో. అటు 400 రూపాయలు, ఇటు 21 రూపాయల దినారు. భాగిస్తే పందొమ్మిది దినార్లు! అదే సంవత్సరం చివర్లో ఇక్కడ ఖాల్దియాలో కువైట్ యూనివర్సిటీ తెరిచారు. 418 మంది విద్యార్థులు, 31 మంది అధ్యాపకులు. సైన్సు కాలేజీ మొదటి రోజు నుంచీ ఉంది. ఇళ్లకి కరెంటు యూనిట్ రెండు ఫిల్సు అన్న ధర కూడా 1966 నాటిదే. కువైటీల సొంత ఇళ్లకి అదే ధర దశాబ్దాల పాటు కదల్లేదు. మాలాంటి వాళ్లు అద్దెకుండే ఫ్లాట్లకి మాత్రం 2017లో అయిదు ఫిల్సు చేశారు.

కొత్త యూనివర్సిటీ పెట్టారు కదా, మరి మన జువాలజీ, బాటనీ వాళ్లు అక్కడికి వరస కట్టారా అంటే, లేదు. అరబిక్ వచ్చిన ఈజిప్టు, పాలస్తీనా, ఇరాక్ ప్రొఫెసర్లు ఉండగా మనవాళ్లకి చోటు తక్కువ. కాలేజీ పాఠం చెప్పడానికి మనవాళ్లు వెళ్లింది ఎక్కువగా ఆఫ్రికాకి: ఇథియోపియా, నైజీరియా, లిబియా. మీలో చాలామంది ఇళ్లల్లో ఒక మేనమామో పెదనాన్నో నైజీరియా వెళ్లొచ్చి ఉంటారు. 1980 ప్రాంతాల్లో నైరా డాలరు కంటే ఖరీదైన నాణెం. 1986లో అది కుప్పకూలింది. కాంట్రాక్టులో రాసుకున్న అంకె అంకెగానే ఉండిపోయింది, దాని విలువ మాత్రం పోయింది. ఆ పెదనాన్నలు చేసేది లేక పెట్టె సర్దుకుని వచ్చేశారు. దినారుకి ఆ గతి పట్టలేదు, ఒక్క 1990లో తప్ప. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కువైట్‌కి వచ్చిన బయాలజీ వాళ్లకి దొరికింది కాలేజీ కాదు, స్కూలు. ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ. ఎందుకంటే మనకి 1969 నుంచి పదకొండు, పన్నెండు తరగతులంటే జూనియర్ కాలేజీ. అక్కడ పాఠం చెప్పేవాళ్లు లెక్చరర్లు. జువాలజీకి ఒకరు, బాటనీకి ఒకరు, ఇద్దరికీ రెండు కుర్చీలు, రెండు ల్యాబులు, మధ్యలో కొద్దిగా పోటీ. సీబీఎస్ఈ బడిలో అదే తరగతి, అదే వయసు పిల్లలు, కానీ బడి బడే. మనం టీచరు. పైగా రెండు సబ్జెక్టులూ కలిపి ఒకటే బయాలజీ. నేను ఇక్కడ చేరిన మొదటి ఏడాది కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పడానికి ముందు రాత్రి రెండింటి దాకా కూర్చుని చదువుకున్నాను. జువాలజీ ఎమ్మెస్సీకి కెల్విన్ వలయంతో ఏం పనండీ! (ఇప్పుడు 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లోనూ రెండూ కలిపి బయాలజీ చేశారు. అక్కడి మిత్రుల బాధ వింటుంటే నాకు ఆ రాత్రులే గుర్తొస్తున్నాయి.)

సరే, నా లెక్క చెబుతాను, అప్పుడు మిగతా లెక్క తేలికవుతుంది. 1996లో నేను మా జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైం లెక్చరర్ని. నెలకి పన్నెండు వందలు. అదే కారిడార్‌లో యూజీసీ స్కేలు అందుకునే వారు నాకంటే ఆరేడు రెట్లు తీసుకునేవారు. పాఠం మాత్రం ఇద్దరం ఒకటే చెప్పేవాళ్లం. 1998లో మా వారికి ఇక్కడ అకౌంట్స్‌లో ఉద్యోగం వచ్చి వచ్చేశాం. నేను ఒక ఇండియన్ స్కూల్లో 120 దినార్లకి చేరాను. అప్పటి రేటుకి పదహారు వేల రూపాయలు. ఊళ్లో యూజీసీ రీడరు స్కేలు మొదలయ్యేది పన్నెండు వేలకి. నేను రీడర్ గారిని మించిపోయానని మా అమ్మ వీధంతా చెప్పింది. అమ్మకి నేను చెప్పనిది ఏమిటంటే, మా ఫ్లాటు అద్దె 110 దినార్లు.

ఆ రోజుల్లో మా స్టాఫ్ రూములో దాదాపు అందరం భర్తల వెనకాల వచ్చినవాళ్లమే. అద్దె ఆయన జీతంలోంచి పోతుంది, నీ జీతం పై ఖర్చుకి కదా అన్న లెక్క యాజమాన్యాలకి తెలుసు, మాకూ తెలుసు. జీతాలు పెరగకపోవడానికి పెద్ద కారణం అదేనని నా అభిప్రాయం. మా బడిలో కొన్నాళ్లు వేసవి రెండు నెలలకీ జీతం ఇవ్వలేదు కూడా. అడిగితే, సెలవుల్లో పాఠం చెప్పారా అని ఎదురడిగారు. ఇప్పుడు అక్క కూతురికి కాలేజీవాళ్లు చెబుతున్న మాట కూడా అదే కదా! సముద్రం దాటినా ఆ మాట మారలేదు.

ఇప్పుడు అసలు లెక్క. కాగితం పెన్ను దగ్గరుంటే రాసుకోండి. యూజీసీ స్కేలులో డిగ్రీ లెక్చరరు మొదటి బేసిక్‌ని ఆయా సంవత్సరాల రేటు ప్రకారం దినార్లలోకి మార్చాను. డీఏ, ఇంటి అద్దె భత్యం కలపలేదు, ఉజ్జాయింపు లెక్క. 1966లో పందొమ్మిది దినార్లని ఇందాక చెప్పాను. 1973లో సేన్ కమిటీ స్కేలు 700 నుంచి 1600. మొదటి బేసిక్ 27 దినార్లయింది. 1986లో మెహరోత్రా కమిటీ 2200 చేసింది, అది 51 దినార్లు. 1996లో రస్తోగీ కమిటీ 8000 అంది, 68 దినార్లు. 2006లో చడ్డా కమిటీ తర్వాత 15,600కి 6000 గ్రేడ్ పే కలిపి 21,600. దినారు అప్పుడు 156 రూపాయల ప్రాంతంలో ఉంది, 138 దినార్లు. 2016లో ఏడో వేతన సవరణ, 57,700. దినారు 222 అనుకుంటే 260 దినార్లు. అరియర్లు చేతికొచ్చేసరికి రెండు మూడేళ్లు పట్టేది, అది వేరే పురాణం.

పందొమ్మిది నుంచి 260. దీనర్థం గమనించారా? రూపాయి ఈ మధ్యకాలమంతా దినారు ముందు పడుతూనే ఉంది, ఇరవై ఒకటి నుంచి 222కి పడింది. అయినా స్కేలు ఆ పతనాన్ని దాటుకుని పైకొచ్చింది. 1980ల్లో ఒక డిగ్రీ లెక్చరరు సెలవు పెట్టి గల్ఫు బడికి రావడంలో అర్థముంది. 2016 తర్వాత పర్మినెంట్ పోస్టున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇక్కడి బడికి వస్తే నష్టం. నాతో పనిచేసిన ఒకమ్మాయి 2023లో 230 దినార్లకి చేరింది. ఆ అంకె 2016 లెక్కలో వచ్చిన 260 దినార్ల బేసిక్ కంటే తక్కువ.

మనవాళ్లు బంగారం లెక్క అడుగుతారు, అదీ చెబుతాను. 1973లో పది గ్రాములు 280 రూపాయల ప్రాంతం. 700 జీతానికి పాతిక గ్రాములు, మూడు కాసులకి మించి. 1986లో 2200 జీతానికి పది గ్రాములే. 1996లో 8000కి పదిహేను గ్రాములు. బంగారంలో చూస్తే 1980ల లెక్చరరు తన గురువు కంటే బీదవాడు. ఆ దశాబ్దంలో మన కాలేజీల నుంచి అంతమంది విమానం ఎక్కడానికి ఇది ఒక కారణమై ఉంటుందని నేననుకుంటాను. 2025లో పది గ్రాములు లక్ష దాటింది కాబట్టి ఇక ఆ లెక్క ఎవరికీ మంచిది కాదు, ఆపేద్దాం.

ఇంతకీ స్కేలు అంత పెరిగితే అక్క కూతురికి పదిహేను వేలేమిటి? ఆ స్కేలు ఉన్నది పోస్టుకి, పోస్టు దొరకని మనిషికి కాదు. ఎయిడెడ్ కాలేజీల్లో ఖాళీలు నింపడం ఏళ్ల తరబడి ఆగిపోయింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2000 నుంచి కాంట్రాక్టు లెక్చరర్లు వచ్చారు. తెలంగాణలో వాళ్లలో చాలామందిని క్రమబద్ధీకరించింది 2023లో, అంటే కొందరికి ఉద్యోగ జీవితంలో సగం పైగా గడిచాక. వాళ్ల కింద గంటల లెక్కన గెస్టు లెక్చరర్లు. ఆ కింద ప్రైవేటు డిగ్రీ కాలేజీలు. 1986లో ఎంసెట్ వచ్చాక ఇంటర్ చదువు కార్పొరేట్ కాలేజీల చేతికి వెళ్లింది. అక్కడ పేరుమోసిన లెక్చరరుకి లక్షలు, మిగతావాళ్లకి పొద్దున ఆరు నుంచి స్టడీ అవర్లు. నేను 1996లో పన్నెండు వందలకి నిలబడిన కారిడార్ ఇవాళ ఇంకా పొడవయింది, అంతే.

అక్కకి మర్నాడు ఈ స్కేళ్ల సంగతి చెబితే, "అదంతా నాకేంటికి మ్మా, ఇక్కడ దానికి ఎంత మిగుల్తాది, అది జెప్పు" అంది. సరిగ్గా అడిగింది. మనం చేసే తప్పల్లా జీతాన్ని రూపాయల్లోకి మార్చి సంబరపడటం. ఖర్చు కూడా దినార్లలోనే అని మర్చిపోతాం.

ఈ ఊరి ఖర్చులో ఒక వింత ఉంది. ఇక్కడ చవకైనవి నిజంగా చవక. రొట్టె సంగతి చూడండి. 1961లో పెట్టిన పిండి మిల్లుల కంపెనీ కాల్చే ఖుబూస్ పొట్లం ఎన్నో ఏళ్లు యాభై ఫిల్సే. కరెంటు సంగతి చెప్పాను. పేట పేటకీ జమియా ఉంది, అంటే సహకార సంఘం దుకాణం. మొదటిది 1962లో కైఫాన్‌లో పెట్టారు, మా రుమైథియాకీ ఉంది. సరుకుల ధరలు మరీ అడ్డగోలుగా పెరగకుండా ఆ దుకాణాలు కొంత ఆపాయి. అయితే మనకి రొట్టెతో గడవదు కదా, సోనా మసూరి కావాలి. అది ఇండియా నుంచి రావాలి. 2023 జులైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అమెరికాలో మీరు ఎలా పరుగులు పెట్టారో మేమూ అలాగే పెట్టాం. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశాకగానీ మా వంటింట్లో నిశ్చింత రాలేదు.

ఖరీదైనవి మాత్రం ఎక్కడ తగులుతాయంటే: అద్దె, పిల్లల ఫీజు, ఆకామా. పరాయి దేశస్తులు ఇక్కడ ఇల్లు కొనుక్కునే వీలు లేదు. పాతికేళ్లు కట్టినా అద్దె అద్దే. 1978 నాటి అద్దె చట్టం ప్రకారం అయిదేళ్ల దాకా పెంచకూడదు, ఆ నియమం మాలాంటి వాళ్లని చాలా కాపాడింది. అయిదేళ్లు నిండిన నెల మాత్రం ఇంటాయన తప్పకుండా మెట్లెక్కి వస్తాడు. ఆరోగ్య బీమా 1999 చట్టంతో మొదలై మనిషికి ఏడాదికి యాభై దినార్లు చాలా కాలం నడిచింది. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలన్న నియమం ఇంకొకటి. 2016లో 250 నుంచి 450 దినార్లు, 2019లో 500, 2024 జనవరిలో 800. టీచర్లలో కొందరికి ఆ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు, న్యాయంగా చెప్పాలి. అయితే మినహాయింపుతో కుటుంబం వస్తుంది, అద్దె రాదు.

230 దినార్ల అమ్మాయిని అడిగి ఆమె లెక్క అక్క ముందు వేశాను. ఒంటరి మనిషి, ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాటు. అద్దెలో వాటా 60. తిండి 40. బస్సు, ఫోను, నెట్టు, మందూ మాకూ 20. ఏడాదికొకసారి టికెట్టు, ఇతర ఖర్చులు నెలకి సర్దితే ఇంకో 15. మిగిలేది 95. అక్కకి తిండి, గది, టికెట్టు ఇంటివాళ్లవే. ఆమె నూటిరవైలో పదో పదిహేనో ఉంచుకుని మిగతాది పంపేస్తుంది. అంటే 105 పైన.

"అయితే నేనే ఎక్కువ పంపిస్తాండా!" అని నవ్వింది అక్క. కాసేపటికి నవ్వు ఆపేసింది. ఆమె గది వంటింటి వెనకాల, వాషింగ్ మెషిన్ పక్కన. పొద్దున అయిదున్నరకి లేస్తే రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాకే ఆమె పడుకునేది. ఇక్కడ ఖర్చు లేకపోవడం అంటే తనకంటూ ఇల్లు లేకపోవడమే. ఇది ఆమెకి నేను చెప్పాల్సిన పని లేదు.

చట్టంలో ఇంకో విచిత్రం కూడా ఉంది. ప్రైవేటు ఉద్యోగుల 2010 చట్టం ప్రకారం, నెలజీతం టీచరుకి మానేసేటప్పుడు మొదటి అయిదేళ్లకీ ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ తర్వాత నుంచి ఏడాదికి నెల. ఇంటి పనివాళ్ల 2015 చట్టంలో మొదటి ఏడాది నుంచే ఏడాదికి నెల జీతం. కాగితం మీద అక్కదే పైచేయి. అడిగి తీసుకోగలగడం వేరే సంగతి. మన ఊళ్లో ఒకప్పుడు లెక్చరరుకి పింఛను ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లకి పాత పింఛను పోయింది. గల్ఫు బడికి, ఊరి కాలేజీకి మధ్య ఉన్న పెద్ద తేడా ఒకటి అలా చెరిగిపోయింది.

1990 సంగతి చెబుతానన్నాను. మాకు సీనియర్ ఒకావిడ ఉండేది, తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. 1984లో వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఇక్కడికి దిగినప్పుడు బళ్లకి వేసవి సెలవులు. ఆవిడ పిల్లలతో ఊళ్లో ఉంది, భర్త ఇక్కడ. ఆయన అందరితోపాటు బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. ఆ రెండు నెలల్లో లక్షకు పైగా మనవాళ్లు అలా వచ్చారు. ఆయన చేతిలో ఉన్న దినార్లకి మార్కెట్లో విలువ లేదు. బ్యాంకులో ఆరేళ్ల పొదుపు. ఫ్లాటు బీరువాలో ఆవిడ ఒరిజినల్ సర్టిఫికెట్లు. డబ్బు కంటే ఆ సర్టిఫికెట్లకే ఎక్కువ ఏడ్చానని చెప్పేది. డూప్లికేట్ల కోసం యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ తిరుగుతూ, ఊళ్లో ఒక ట్యుటోరియల్‌లో గంటకింత అని పాఠం చెప్పింది. తర్వాత ఐక్యరాజ్య సమితి పరిహార సంఘానికి ఢిల్లీ నుంచి దరఖాస్తులు వెళ్లాయి. దేశం విడిచి రావాల్సి వచ్చినందుకు మనిషికి రెండున్నర వేల నుంచి నాలుగు వేల డాలర్లు, కుటుంబానికయితే అయిదు నుంచి ఎనిమిది వేలు. వచ్చాయి, ఏళ్ల తర్వాత. 1991 మార్చిలో కొత్త నోట్లతో దినారు మళ్లీ నిలబడింది. ఆవిడా తిరిగొచ్చింది, అదే బడికి, జూనియర్ జీతానికి.

కొత్త తరం సంగతి కొంచెం వేరు. 2020 సెప్టెంబరులో నీట్ రాయడానికి మా పిల్లలు వందే భారత్ విమానాల్లో ఇండియా వెళ్లి, క్వారంటైన్లలో కూర్చుని పరీక్ష రాశారు. మరుసటి ఏడాది 2021లో, ఇండియా బయట మొట్టమొదటి నీట్ కేంద్రం కువైట్‌కే ఇచ్చారు, ఆ తర్వాత దుబాయికి. ఆనాటి నుంచి బయాలజీ టీచరుకి కొంచెం గిరాకీ పెరిగింది. నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే మరి! లెక్కల మాస్టారికి ఉండే మర్యాద మాకూ కొంచెం దొరుకుతోంది. సాల్మియాలో 2004లో అమెరికన్ యూనివర్సిటీ వచ్చింది, 2000 నాటి చట్టం తర్వాత ఇంకా కొన్ని ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. అక్కడ చెప్పాలంటే పీహెచ్‌డీ కావాలి. అక్క కూతురికి ఇంకా లేదు.

చివరికి అక్కకి నేను చెప్పింది ఇది. అమ్మాయి రావాలనుకుంటే బీఎడ్ కావాలి, సర్టిఫికెట్లు మన రాష్ట్రంలో, ఢిల్లీలో విదేశాంగ శాఖలో, కువైట్ ఎంబసీలో అటెస్ట్ చేయించాలి. ఆ ఖర్చు, ఏజెంటు ఖర్చు కలిపి మొదటి ఏడాది మిగిలేదంతా పోతుంది. రెండో ఏడాది నుంచి నెలకి పాతిక వేలు పంపగలదు. ఊళ్లో పదిహేను వేలు ఇంట్లో ఉండి తెచ్చుకుంటోంది, అందులో అద్దె లేదు. తేడా నువ్వనుకున్నంత లేదు. జూనియర్ లెక్చరరు పోస్టులకి నోటిఫికేషన్ పడితే మాత్రం అన్నీ వదిలి చదవమను.

అక్క ఏమీ అనలేదు. ఫోను తీసి కూతురికి కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది. ఆ అమ్మాయి నమస్తే మేడమ్ అని, జీతం అడుగుతుందనుకుంటే, "మేడమ్, అక్కడ ల్యాబ్ ఉంటుందా? మా కాలేజీలో మైక్రోస్కోపులు రెండే ఉన్నాయి, ఒకటి పనిచేయదు" అంది.

ఉందమ్మా, పన్నెండు మైక్రోస్కోపులు ఉన్నాయి అన్నాను. ఆ వెనకనుంచి అక్క, "అవి దేనికి మ్మా, జీతమడుగు, జీతం" అంటోంది.